కష్టమైన సుడోకు: ఊహించకుండా పూర్తి చేయడం ఎలా?

ఆరోగ్య పత్రికలో సుడోకు గురించి వ్యాసమేమిటని మీలో కొందరైనా అనుకుంటారు. మొదట మేమూ అలాగే అనుకున్నాం. కానీ మన ఆసుపత్రిలో ఉదయ ప్రార్థన ముగిసి, టోకెన్లు ఇచ్చి, డాక్టరు గారు వార్డుల్లో రౌండ్స్ పూర్తి చేసుకుని ఓపీకి వచ్చేసరికి గంట, ఒక్కోసారి గంటన్నర పడుతుంది. ఆ వేళలో బెంచీల మీద అందరికంటే ఎక్కువగా చేతులు మారేది దినపత్రికలో సుడోకు ఉన్న పేజీ. మేము ఎంతో శ్రద్ధగా అచ్చు వేయించి పెట్టిన షుగరు వ్యాధి కరపత్రాలు మాత్రం పెట్టిన చోటనే ఉంటాయి!

గండిమైసమ్మ చౌరస్తాలో బస్సు దిగి, బీపీ మాత్రల కోసం నెలనెలా వచ్చే ఒక రిటైర్డు లెక్కల సారు ఉన్నారు. ఒకరోజు ఆయన చేతిలో ఉన్న కాగితం చూశాం. రబ్బరుతో తుడిచి తుడిచి మధ్య గడిలో చిల్లు పడింది. "సగం దాకా లెక్కతో వస్తది. ఇక్కడి నుంచి ఊహించుడే, వేరే దారి లేదు" అన్నారు. ఆ మాట మాకు నచ్చలేదు. మా సిబ్బందిలో ఇద్దరు ముగ్గురికి ఈ పిచ్చి బాగానే ఉంది. ఆయనతో వాదనకు దిగి, నెలకు కొంచెం చొప్పున చెప్పుకున్న మెలకువలే ఈ వ్యాసం. అదే సారు కాగితం మాకు తిరిగి ఒక పాఠం నేర్పింది. ఆ సంగతి తర్వాత.

నియమం అందరికీ తెలిసిందే. 81 గళ్లు. ప్రతి అడ్డు వరుసలో, ప్రతి నిలువు వరుసలో, మూడు మూళ్ల తొమ్మిది గళ్లుండే ప్రతి పెట్టెలో 1 నుంచి 9 వరకు ఒక్కొక్క అంకె ఒక్కసారే రావాలి. సరిగా తయారు చేసిన సుడోకుకు జవాబు ఒక్కటే ఉంటుంది. తక్కువ అంకెలు ఇస్తే ఎక్కువ కష్టమనుకోవడం పొరపాటు. 17 కంటే తక్కువ అంకెలిస్తే ఒకే జవాబు ఉండే సుడోకు అసాధ్యమని ఐర్లాండు గణిత శాస్త్రవేత్త గ్యారీ మెక్‌గ్వైర్ బృందం 2012లో కంప్యూటర్లతో వెతికి తేల్చింది. 17 అంకెల సుడోకుల్లో తేలికైనవీ ఉన్నాయి. 25 అంకెలిచ్చినా ఏడిపించేవీ ఉన్నాయి. కష్టమంతా ఏ మెలకువ అవసరమవుతుందన్న దాంట్లోనే ఉంది.

మొదటి పని పెన్సిలు చెక్కుకోవడం. కనిపించిన అంకెలన్నీ నింపేసి, ఇక ఏదీ కదలనప్పుడు, ఖాళీగా ఉన్న ప్రతి గడిలో రాగల అంకెలన్నిటినీ చిన్నగా మూలకు రాయండి. వీటిని అభ్యర్థులు అందాం. చాలామంది బద్ధకించేది ఇక్కడే. మనసులోనే గుర్తుంచుకోవచ్చనుకుంటారు. రోగి చార్టు రాయకుండా వైద్యం చేయబోయినట్లుంటుంది అది. రాసిన తర్వాత మన పని అంకెను వెతకడం కాదు, అభ్యర్థులను ఒక్కొక్కరిని కొట్టివేయడం. కష్టమైన సుడోకు అంతా ఈ కొట్టివేతే.

తేలికైన కొట్టివేత ఒకటి ముందు చెప్పుకుందాం. ఎడమవైపు పై పెట్టెలో 5 ఎక్కడ రాగలదో చూశారు. రెండే గళ్లు ఉన్నాయి, ఆ రెండూ రెండో అడ్డు వరుసలోనే ఉన్నాయి. వాటిలో ఏది 5 అవుతుందో ఇప్పుడే తెలియదు, తెలియనవసరం లేదు. రెండో వరుసకు రావలసిన 5 ఈ పెట్టెలోనే ఉంటుంది కనుక ఆ వరుసలో మిగతా ఆరు గళ్లలోనూ 5 ఉంటే కొట్టేయవచ్చు.

ఇక జంటలు. ఒక అడ్డు వరుసలో ఐదు గళ్లు ఖాళీగా ఉన్నాయనుకోండి. రావలసిన అంకెలు 2, 4, 6, 7, 9. మొదటి గడిలో అభ్యర్థులు 4, 7. మూడో గడిలో 2, 4, 6, 9. ఐదో గడిలో 4, 7. ఆరో గడిలో 2, 7, 9. ఎనిమిదో గడిలో 4, 6, 7. కాసేపు ఆగి చూడండి. మొదటి గడికీ ఐదో గడికీ 4, 7 తప్ప మరో గతి లేదు. ఒకటి 4 అయితే రెండోది 7 కావలసిందే. అంటే ఆ రెండంకెలు ఆ ఇద్దరి సొత్తు, మిగతా వాళ్లు వాటి మీద ఆశ వదులుకోవాలి. ఎనిమిదో గడిలో 4, 7 పోతే మిగిలింది 6. రాసేయండి. మూడో గడిలో 4 ముందే పోయింది, ఇప్పుడు 6 కూడా పోయి 2, 9 మిగిలాయి. ఆరో గడిలో 7 పోయి అదే 2, 9. ఇంకో జంట పుట్టింది!

ఇదే వరుసను వెనుక నుంచి కూడా చూడవచ్చు. ఐదు గళ్లలో 2 ఎక్కడెక్కడ రాగలదు? మూడు, ఆరు గళ్లలోనే. 9 కూడా ఆ రెండింటిలోనే. రెండంకెలకు రెండే ఇళ్లు ఉన్నప్పుడు ఆ ఇళ్లలో మూడోవాడికి చోటు లేదు. కనుక మూడో గడిలోని 4, 6, ఆరో గడిలోని 7 వెళ్లిపోతాయి. దారి వేరు, చేరిన ఊరు ఒకటే. మొదటి దానిని బయటికి కనిపించే జంట అనీ, రెండో దానిని దాగిన జంట అనీ అంటారు. దాగిన జంటను పట్టడం కష్టం, ఎందుకంటే మన చూపు గడిలో ఏముందోనని వెతుకుతుంది కానీ అంకె ఎక్కడుందని అడగదు. సారు దీన్ని మాత్రం ఒక్క పూటలో పట్టేశారు. నలభై మంది పిల్లల్లో ఎవరు బడికి రాలేదో హాజరు పట్టీ లేకుండా చెప్పిన అనుభవం కాబోలు!

జంటలతో కదలనప్పుడు ఎక్స్-వింగ్ పనికొస్తుంది. పేరు చూసి భయపడవద్దు. ఒకే ఒక్క అంకెను పట్టుకుని గడి మొత్తం చూడాలి. 8 అనుకుందాం. రెండో అడ్డు వరుసలో 8 రావడానికి రెండే చోట్లు: 3వ నిలువు వరుస, 7వ నిలువు వరుస. ఆరో అడ్డు వరుసలో కూడా సరిగ్గా అవే రెండు చోట్లు. ఈ నాలుగు గళ్లు ఒక దీర్ఘచతురస్రానికి నాలుగు మూలలు. రెండో వరుసలో 8 ఎడమ మూలన ఉంటే ఆరో వరుసలో కుడి మూలన ఉండాలి. రెండో దానిలో కుడి అయితే ఆరో దానిలో ఎడమ. మూలలను కలిపి గీస్తే ఇంగ్లీషు ఎక్స్ అక్షరం వస్తుంది, పేరు అందుకే. ఎటు తిరిగినా 3వ నిలువు వరుసకు ఒక 8, 7వ నిలువు వరుసకు ఒక 8 వచ్చేశాయి. కాబట్టి ఆ రెండు నిలువు వరుసల్లో మిగతా గళ్లలో ఎక్కడ 8 ఉన్నా కొట్టేయండి. ఏది నిజమో తేలకముందే పద్నాలుగు గళ్ల మీద తీర్పు చెప్పగలిగాం. నిలువు వరుసల్లో మొదలుపెట్టి అడ్డు వరుసల్లో కొట్టేయడం కూడా ఇంతే.

రెండు వరుసలకు బదులు మూడు వరుసలు, మూడు నిలువు వరుసలు తీసుకుంటే దాన్ని స్వోర్డ్‌ఫిష్ అంటారు. మూడు వరుసల్లోనూ ఆ అంకె మూడేసి చోట్ల ఉండాలని లేదు, రెండేసి చోట్ల ఉన్నా సరే, అన్నీ కలిపి మూడు నిలువు వరుసలు దాటకూడదు. కంటితో పట్టడం నిజంగా కష్టమే. వేరే కాగితం మీద ఆ ఒక్క అంకెకే చుక్కలు పెట్టుకుంటే తేలికవుతుంది.

మాకు అన్నిటికంటే ఇష్టమైనది ఎక్స్‌వై-వింగ్. మూడు గళ్లు కావాలి, ప్రతిదానిలో రెండేసి అభ్యర్థులే ఉండాలి. నాలుగో అడ్డు వరుస, 2వ నిలువు వరుస కలిసే గడిలో 3, 8 ఉన్నాయి. దీన్ని ఇరుసు అనుకోండి. అదే నాలుగో అడ్డు వరుసలో 7వ నిలువు వరుస దగ్గరి గడిలో 3, 5. ఇరుసున్న 2వ నిలువు వరుసలోనే కిందికి వస్తే, తొమ్మిదో అడ్డు వరుస గడిలో 8, 5. ఇప్పుడు ఇరుసు 3 అయితే దాని వరుసలోని గడికి 3 పోయి 5 వస్తుంది. ఇరుసు 8 అయితే కింది గడికి 8 పోయి 5 వస్తుంది. రెండింటిలో ఏదో ఒక చోట 5 ఖాయం. ఆ రెండు గళ్లకూ ఎదురుపడే గడి ఒకటుంది, తొమ్మిదో అడ్డు వరుస, 7వ నిలువు వరుస కలిసే చోట. అక్కడ 5 ఉండడానికి వీల్లేదు.

డాక్టర్లు రోజూ చేసే పని ఇదే. వర్షాకాలంలో జ్వరంతో వచ్చిన మనిషికి డెంగీయా, మరో వైరల్ జ్వరమా అన్నది రక్త పరీక్ష వచ్చేదాకా తేలదు. కానీ ఈ రెండింటిలో ఏదైనా సరే, నీళ్లు బాగా తాగాలి, జ్వరానికి పారాసిటమాల్ సరిపోతుంది. డెంగీ కాదని తేలేదాకా మందుల షాపులో అడిగి తెచ్చుకునే బ్రూఫెన్, ఆస్పిరిన్ మాత్రలు వేసుకోకూడదు, రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. ఇరుసు గడి తేలలేదు, అయినా ఒక అభ్యర్థిని కొట్టివేశాం. సారుకు ఎక్స్‌వై-వింగ్ అర్థమైంది ఈ ఉదాహరణతోనే. పక్క బెంచీ మీదున్న ఒకావిడ మాత్రం సుడోకు సంగతి వదిలేసి, ఇంట్లో ఉన్న బ్రూఫెన్ షీటు ఏం చేయమంటారని అడిగింది. ఆ రోజుకు అదే లాభం.

ఇంకొక మెలకువ మీద మాలోనే తగాదా ఉంది. రెండు అడ్డు వరుసలు, రెండు నిలువు వరుసలు, రెండే పెట్టెల్లో పడే నాలుగు మూలలు తీసుకోండి. మూడింటిలో 1, 6 మాత్రమే ఉన్నాయి, నాలుగో దానిలో 1, 6, 9 ఉన్నాయి. నాలుగో దానిలోనూ 1, 6 మాత్రమే మిగిలితే వాటిని తారుమారు చేసినా సుడోకు సరిపోతుంది, అంటే రెండు జవాబులు వస్తాయి. జవాబు ఒక్కటే అని మాట ఇచ్చారు కనుక ఆ గడి 9 కావలసిందే. ఇది ప్రశ్నపత్రం పెట్టినవారి మనసు చదవడం, లెక్క చేయడం కాదని మాలో ఒకరి అభ్యంతరం. మరొకరికి అదేమీ పట్టదు. మీ ఇష్టం.

ఇవన్నీ చేసినా కదలకపోతే? రెండే అభ్యర్థులున్న గడిని పట్టుకుని, ఒకటి నిజమనుకుని పెన్సిలుతో తేలికగా ముందుకు వెళ్లి, ఎక్కడ చిక్కు వస్తుందో చూడవచ్చు. చిక్కు వస్తే రెండోదే నిజం. పత్రికల్లో వచ్చే సుడోకులకు చాలావరకు ఈ అవసరం రాదు. ఇది తప్పేమీ కాదు, కానీ గుర్తులు విడిగా పెట్టుకోకపోతే ఎక్కడి నుంచి ఊహించామో మరిచిపోతాం. సారు కాగితానికి చిల్లు పడింది అందుకే.

జపాను పేరు పెట్టుకున్నా ఈ ఆట జపానులో పుట్టలేదు. అమెరికాలో హోవర్డ్ గార్న్స్ అనే రిటైర్డు ఆర్కిటెక్టు తయారు చేసినది 1979లో డెల్ పత్రికలో వేరే పేరుతో వచ్చింది. 1984లో జపానులో నికోలి సంస్థకు చెందిన మకి కాజి దానికి పెట్టిన పొడవాటి పేరుకు సంక్షిప్త రూపమే సుడోకు. అంకెలు పెళ్లి కాకుండా ఒంటరిగానే ఉండాలి అని దానికి అర్థం. హాంకాంగులో జడ్జిగా పనిచేసి రిటైరైన న్యూజిలాండు వాసి వేన్ గూల్డ్, సుడోకులను తయారు చేసే కంప్యూటర్ ప్రోగ్రాం రాసి లండన్ టైమ్స్ పత్రికకు ఇచ్చారు. 2004 నవంబరు 12న ఆ పత్రికలో మొదలై ఏడాది తిరిగేసరికి ప్రపంచమంతా పాకింది. ప్రపంచ పోటీలు 2008లో గోవాలో, 2017లో బెంగళూరులో జరిగాయి. గమనించండి, దీన్ని పుట్టించింది ఒక రిటైర్డు మనిషి, ప్రపంచానికి పంచింది మరొక రిటైర్డు మనిషి.

కానీ దీని వేరు ఇంకా లోతుగా ఉంది, ఆ వేరు ఆసుపత్రి దాకా వచ్చింది. ప్రతి అంకె ప్రతి వరుసలో ఒక్కసారే వచ్చే పట్టికను లాటిన్ చతురస్రం అంటారు. మూడు మందుల్లో ఏది మేలో తేల్చాలనుకోండి. రోగులను మూడు గుంపులు చేసి, మూడు నెలల్లో ప్రతి గుంపుకూ ప్రతి మందు ఒక్కసారి అందేలా, ఏ నెలలోనూ ఒకే మందు రెండు గుంపులకు పడకుండా పట్టిక వేస్తారు. అప్పుడు చలికాలం వల్ల వచ్చిన తేడా ఏదో, మందు వల్ల వచ్చిన తేడా ఏదో విడదీయవచ్చు. పొలాల్లో విత్తనాలు, ఎరువుల పరీక్షకూ ఇదే పద్ధతి. దానికి పెట్టెల నియమం కూడా చేర్చి 1956లోనే బేరెన్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త వ్యవసాయ ప్రయోగాలకు వాడారు. సుడోకు ఆట పుట్టడానికి ఇరవై ఏళ్లకు పైగా ముందన్నమాట!

ఈ ప్రయోగాల పట్టికల విద్యలో మన తెలుగువారు ఒకరు ప్రపంచ ప్రఖ్యాతులు, సి.ఆర్. రావు గారు. 1920లో హడగళిలో పుట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, కేంబ్రిడ్జిలో ఫిషర్ దగ్గర పరిశోధన చేశారు. లాటిన్ చతురస్రాలను మరింత విస్తరించిన పట్టికలను 1940లలోనే రూపొందించారు. 2023లో గణాంక శాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి అందుకుని, అదే సంవత్సరం ఆగస్టులో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. గండిమైసమ్మ నుంచి అవుటర్ రింగు రోడ్డు పట్టుకుని గచ్చిబౌలి వైపు వెళితే, హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవరణలో ఆయన పేరిట గణిత సంస్థ ఉంది.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. సుడోకు చేస్తే ముసలితనంలో మతిమరుపు రాదా? రాదని మేము చెప్పలేము. స్కాట్లాండులోని అబర్డీన్‌లో 1936లో పుట్టిన 498 మందిని చాలా ఏళ్లు పరిశీలించిన ఫలితాలు 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. జీవితమంతా బుద్ధికి పని చెప్పిన వారి మానసిక శక్తి మెరుగ్గానే ఉంది. కానీ వయసుతో తగ్గే వేగం మాత్రం పజిల్స్ వల్ల తగ్గలేదు. ఎత్తైన మెట్టు మీద నుంచి దిగడం మొదలుపెడతారు, దిగే నడక అందరిదీ ఒక్కటే అన్నమాట. మెదడుకు బీపీ, షుగరు అదుపులో ఉంచుకోవడం, పొగ మానడం, నడవడం, వినికిడి తగ్గితే మిషను పెట్టుకోవడం, నలుగురితో మాట్లాడడం ఎక్కువ ముఖ్యం. సుడోకు కోసం నడక మానేస్తే నష్టమే.

మూర్ఛ ఉన్నవారు కొందరు భయపడుతూ అడిగారు. మంచు పెళ్లల కింద చిక్కుకుని మెదడుకు ఆక్సిజన్ అందక దెబ్బతిన్న ఒక యువకుడికి సుడోకు చేసేటప్పుడు చేతిలో మూర్ఛ వచ్చేదని, ఆట మానేశాక అయిదేళ్లకు పైగా రాలేదని 2015లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. అది అంత అరుదు కాబట్టే వైద్య పత్రికకు ఎక్కింది. మీరు మాత్రలు మానకండి, ఆట మానవలసిన పని లేదు.

ఇక సారు సంగతి. నిరుడు ఎండాకాలంలో ఆయన కోడలు విడిగా వచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంది. "మామయ్య సుడోకులో ఒకే వరుసలో రెండు మూళ్లు రాస్తున్నడు డాక్టరమ్మా. వాళ్ల అన్నకు కూడా ఇట్లనే మొదలై, చివరికి ఇల్లు కూడా గుర్తు పట్టలేదు" అంది. ఇంట్లో ఆయన చేతికి డబ్బులివ్వడం మానేశారట. ఒక్కరినే బస్సెక్కనివ్వడం లేదట. ఆయనకు కారణం చెప్పలేదు, ఆయన అడగలేదు. పెన్సిలు మాత్రం పక్కన పెట్టేశారు.

అమ్మాయి తెచ్చిన పాత కాగితాలను మా సిస్టర్ ఒకరు, తానూ ఆ పిచ్చిలో ఉన్నవారే, మధ్యాహ్నం భోజనం పక్కన పెట్టి పరిశీలించారు. తప్పులన్నిటికీ సున్నాలు చుట్టారు. 3 ఉన్న వరుసలో మళ్లీ 3. 8 ఉన్న పెట్టెలో మళ్లీ 8. 6 ఉన్న చోట 6. ఒక్క కాగితంలోనూ 1 దగ్గర, 4 దగ్గర, 7 దగ్గర తప్పు లేదు. మతి తప్పితే అంకెలను ఏరుకుని తప్పదు కదా! వంపులున్న 3, 6, 8 అచ్చులో ఒకదానికొకటి కలిసిపోతున్నాయి, నిటారు గీతలవి కలవడం లేదు. డాక్టరమ్మ గారు జ్ఞాపకశక్తి పరీక్ష కూడా చేశారు, వయసుకు తగినట్టే ఉంది. కంటి విభాగానికి పంపితే రెండు కళ్లలోనూ శుక్లాలు తేలాయి.

అందరి విషయంలోనూ ఇంత సులువుగా తేలదు. నిజంగా మతిమరుపు వ్యాధి మొదలైన వారూ మా దగ్గరికి వస్తారు, వారి కుటుంబాల బాధ మాకు తెలుసు. అయితే చూపు, వినికిడి, బి12 లోపం, థైరాయిడ్, దిగులు, నిద్రమాత్రలు, షుగరు పడిపోవడం ఇవన్నీ మతిమరుపులా కనిపించవచ్చు, వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. ఇంట్లో పెద్దవారు ఎప్పుడూ చేసే పని, అది లెక్క కానివ్వండి, వంట కానివ్వండి, తప్పడం మొదలుపెడితే ముసలితనం అని వదిలేయకుండా తీసుకురండి. వీలైతే ఆ తప్పులు రాసిన కాగితం కూడా తీసుకురండి.

దేవుని కృప వలన సారుకు రెండు కళ్ల ఆపరేషన్లూ బాగా జరిగాయి. ఇప్పుడు మళ్లీ ఒక్కరే బస్సులో వస్తున్నారు. పోయిన నెల మా కౌంటరు మీద ఒక కాగితం పెట్టి, 4 అంకెకు ఇందులో స్వోర్డ్‌ఫిష్ ఉంది, ఏ మూడు వరుసల్లోనో చెప్పండి అని సవాలు విసిరి మాత్రలు తీసుకుని వెళ్లారు. సిస్టర్ రెండు వరుసలు పట్టారు. మూడోది మాకింకా దొరకలేదు.